దాచుకొనదగినవి, విడువదగినవి



క్రిస్మసు దగ్గరపడుతున్నదంటే మన పల్లెలలో ప్రతి ఇంటికీ సున్నము పని ఉంటుంది. కొందరు రంగులు వేయిస్తారు, కొందరు సున్నముతోనే సరిపెట్టుకొంటారు. ఏది వేసినా ముందు సామాను బయట పెట్టాలి గదా! మంచాలు, ట్రంకు పెట్టె, అటకమీది గోనెసంచులు, గూటిలోని సీసాలు, మూలనున్న డబ్బాలు అన్నీ వాకిట్లోకి వస్తాయి. పగిలిన లాంతరు చిమ్నీ, నాలుగేళ్ళనాటి క్యాలెండర్లు, ఏ తాళానిదో తెలియని తాళపుచెవి, మూత లేని డబ్బా బయటపడతాయి. "ఇవన్నీ పారేద్దామా అత్తయ్యా?" అని కోడలు అడుగుతుంది. "ఉండనీయమ్మా, ఎప్పుడైనా పనికొస్తాయి" అని అత్తగారు అంటుంది. గోడలు ఆరిన తరువాత సామాను అంతా తిరిగి ఎక్కడిదక్కడ చేరుతుంది.

ఇది అన్ని ఇండ్లలోనూ ఉన్నదే గనుక నవ్వుకొని ఊరుకొనవచ్చు. అయితే ఇదే హడావిడిలో పగిలిన చిమ్నీ ఇంట్లో నిలిచిపోయి, తాతగారి దస్తావేజు పాత కాగితాలతో కలిసి పొయ్యిలోకి పోవడం కూడా జరుగుతుంది. ఖాళీ పురుగుమందు డబ్బాను కడిగి కిరోసిను పోసుకొనేదీ, తిరిగి దొరకని జనన పత్రమును చెదలకు వదిలేదీ ఒకే చెయ్యి. దాచవలసినదేదో, విడువవలసినదేదో తెలియకపోతే ఒక తరము చేసిన పొరపాటుకు మరుసటి తరము బాధపడుతుంది. వస్తువుల విషయములోనే గాక బాకీల విషయములో, మనస్సులో పెట్టుకొన్న మాటల విషయములో, చివరకు కన్నపిల్లల విషయములో కూడా ఇంతే. ఈ నెల మనము ఈ సంగతిని కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

మునగబోయే లోయలో

మన తెలుగు నేలమీద ఒకసారి ఒక లోయ మొత్తానికి ఈ ప్రశ్న ఎదురైనది. కృష్ణానది ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో, నాగార్జునకొండ ఉన్నది. సుమారు 1700 సంవత్సరముల క్రిందట అక్కడ ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, గుడులు, స్నానఘట్టాలు, శాసనాలు ఆ లోయ నిండా ఉన్నవి. అక్కడికి దిగువన నాగార్జునసాగరు ఆనకట్ట కట్టవలెనని నిర్ణయమైనది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే లక్షల ఎకరాలకు నీరు వస్తుంది, లోయ మాత్రము నీటి పాలవుతుంది.

పురావస్తు శాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యములో 1954లో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టి 1960 వరకు సాగించారు. నూరుకు పైగా స్థలాలు బయటపడినవి. వాటన్నిటినీ ఎత్తుకొనిపోవడము ఎవరివల్ల అవుతుంది? అన్నీ పురాతనమైనవే, అన్నీ విలువైనవే. గడువు మాత్రము ఆరేళ్ళు.

వారు చేసిన పనిని గమనించండి. అతి ముఖ్యమైన తొమ్మిది కట్టడములను ఊడదీసి, కొండమీదను, ఒడ్డుననున్న అనుపు వద్దను తిరిగి నిలబెట్టారు. మరి పద్నాలుగింటికి పెద్ద నమూనాలు కట్టించారు. శిల్పాలను, శాసనాలను మ్యూజియములో భద్రపరచారు. మిగిలినవాటిని కొలిచి, బొమ్మలు గీసి, ఫోటోలు తీసి, వివరముగా వ్రాసిపెట్టి, నీటికి వదిలివేశారు. 1967 ఆగస్టు 4న సాగరు కాలువలకు నీరు విడిచారు. ఇప్పుడు ఆ కొండ నీటి మధ్య దీవిగా ఉన్నది. లోయలో మునిగిన పల్లెల ప్రజలు కూడా తమ ఇండ్లను, పొలాలను, పెద్దల సమాధులను వదిలి వెళ్ళవలసివచ్చినది. వారి నష్టమును తక్కువచేసి చెప్పడము మా ఉద్దేశము కాదు. సాగరు ఆయకట్టులో పంట పండించి తిన్నవారందరూ ఆ త్యాగమును జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ అధికారులు చేసిన విభజనలో మన ఇంటికి పనికివచ్చే పద్ధతి ఉన్నది. తిరిగి దొరకనిది మోసుకొనిపోవాలి. నమూనా చాలినదానికి నమూనా ఉంచుకొనాలి. మిగిలినది వ్రాసుకొని విడిచిపెట్టాలి. "ఇది పాతదా, కొత్తదా? ఖరీదైనదా, చవకదా?" అని మనము సాధారణముగా అడుగుతాము. ఆ ప్రశ్నతో పని జరగదు. "ఇది పోతే తిరిగి దొరుకుతుందా? రేపు దీని అవసరము ఎవరికి పడుతుంది?" అని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ఒక సంచిలో పట్టేవి

తిరిగి దొరకనివి, లేక మిక్కిలి కష్టము మీద దొరికేవి ఏవి? మన ఇండ్లలో ఇవి చాలావరకు కాగితాలే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి కృష్ణా జిల్లా పెద్దలు నేటికీ చెబుతారు. వేలమంది చనిపోయారు. ఇండ్లతో పాటు పెట్టెలు, పెట్టెలతో పాటు కాగితాలు కొట్టుకొనిపోయినవి. నేడు తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ముఖ్యమైన పత్రాలను తడవని కవరులో కట్టి వెంట తీసుకొని వెళ్ళండని అధికారులు చెప్పుచున్నారు. ఈ మాట తీరమునకు దూరముగా ఉన్నవారికి కూడా మంచిదే. పూరింటికి నిప్పు అంటుకొన్నా, వాగు పొంగినా ఇంతే గదా. చేతికి ఒక్క సంచి అందే సమయమే ఉంటే ఆ సంచిలో ఏమి ఉండాలి?

పొలముయొక్క, ఇంటి స్థలముయొక్క రిజిస్టరు దస్తావేజులు, వాటి వెనుకటి లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసు పుస్తకము, భాగపంపిణీ కాగితము ఉండాలి. చట్టము మారినప్పుడు పాత పాసు పుస్తకము చెల్లదని కొందరు పారవేస్తారు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చినది, 2025లో భూభారతి చట్టము వచ్చినది. ఇట్లు మారినప్పుడు పేరులోనో సర్వే నంబరులోనో తప్పు పడితే, దానిని దిద్దించుకొనుటకు చూపవలసినది ఆ పాత కాగితమే. గనుక కొత్తది వచ్చినదని పాతదానిని పారవేయకండి. రిజిస్టరు దస్తావేజు పోయినచో సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో నకలు పొందవచ్చును గాని, నంబరు, సంవత్సరము తెలిసియుంటే ఆ పని సులభమవుతుంది. కాబట్టి ఆ రెండింటిని వేరే పుస్తకములో కూడా వ్రాసుకొనండి.

పిల్లల జనన ధృవపత్రాలు తరువాతివి. పుట్టిన 21 దినములలోగా జననమును నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకు, ఓటరు జాబితాలో పేరుకు, డ్రైవింగు లైసెన్సుకు, ప్రభుత్వ ఉద్యోగమునకు పుట్టిన తేదీకి రుజువు ఆ పత్రమేనని చట్టము చెప్పుచున్నది. సంఘములో ఇచ్చిన బాప్తిస్మపు పత్రము విలువైనదే, దానిని దాచుకొనవలసినదే. అయితే ఈ పనులకు అది చాలదు. వివాహ పత్రము, పదవ తరగతి మార్కుల మెమో, బడి టి.సి., కుల ధృవపత్రము, కుటుంబములో మరణించినవారి మరణ ధృవపత్రము ఇదే కోవలోనివి.

బ్యాంకు పుస్తకాలు, పోస్టాఫీసు బాండ్లు, ఎల్.ఐ.సి. పాలసీలు మరచిపోవద్దు. ఇంటి యజమాని ఎక్కడ ఎంత దాచాడో భార్యకు తెలియని ఇండ్లు ఎన్నో ఉన్నవి. పది సంవత్సరములు ఎవరూ ముట్టని ఖాతాలోని సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పరచిన నిధికి చేరుతుంది. అయినా అది పోయినట్టు కాదు, వారసులు తగిన కాగితాలు చూపి తీసుకొనవచ్చును. అటువంటి ఖాతాలు వెదకుటకు 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే వెబ్‌సైటును కూడా ప్రారంభించినది. చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనండి.

సహకార సంఘములోనో బ్యాంకులోనో అప్పు తీర్చినప్పుడు ఇచ్చిన బాకీ లేదనే పత్రమును కూడా ఈ సంచిలోనే పెట్టండి. అప్పు తీరిపోయినది గనుక కాగితముతో పని లేదనుకొంటాము. తీరిన అప్పుకే రుజువు కావలసియుంటుంది.

ఇంతే. ఇవన్నీ కలిపినా ఒక చిన్న సంచి నిండదు. పెట్టెలోని మిగిలిన కాగితాలు, అనగా పాత శుభలేఖలు, ఎప్పుడో కట్టిన కరెంటు బిల్లులు, కొట్టువాని చీటీలు పోయినా మనకు నష్టము లేదు. అవి గుట్టలుగా ఉండుటవలన ముఖ్యమైన కాగితము వాటి నడుమ కనబడకుండా పోతుంది.

ఒకటి చాలినవి

ఇంటిలో పెద్దవారు ప్రభువునందు నిద్రించినప్పుడు వారి వస్తువులను ఏమి చేయాలన్నది కష్టమైన ప్రశ్న. ఆదరణ కూటము అయిపోతుంది, బంధువులు వెళ్ళిపోతారు. కొక్కేనికి నాన్నగారి చొక్కా వేలాడుతూనే ఉంటుంది. దానిని తీయడానికి ఎవరికీ చేతులు రావు. తీస్తే ఆయనను మరచిపోయినట్లవుతుందేమో అని భయము.

ఇక్కడ తొందరపెట్టవద్దని మా మనవి. "ఇంకా ఎన్నాళ్ళు ఉంచుతావు?" అని విధవరాలిని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆమెకు సమయమివ్వండి. అయితే ఏడాదో రెండేళ్ళో గడిచిన తరువాత, ఆమె మనస్సు కుదుటపడినప్పుడు, నాగార్జునకొండలో చేసినట్లు చేయవచ్చును. నాన్నగారి బైబిలు, అందులో ఆయన స్వహస్తముతో వ్రాసుకొన్న పిల్లల పుట్టిన తేదీలు, పెండ్లినాటి ఫోటో, ఆయన వ్రాసిన ఒకటి రెండు ఉత్తరాలు ఉంచుకొనండి. అమ్మ నేసిన చాపనో, ఆమె రోజూ త్రాగిన గ్లాసునో ఉంచుకొనండి. ఒక్కటి చాలు, మాట్లాడుతుంది. ఇరవై చీరలు పెట్టెలో చెమ్మపట్టి చిరిగిపోతే అమ్మ జ్ఞాపకము పెరుగదు. అవి కట్టుకొనే బీద స్త్రీలు మన పేటలోనే ఉన్నారు.

వీటికి తోడు వ్రాసుకొనుట అనేది ఒకటి ఉన్నది. తాతగారు ఏ ఊరినుండి వచ్చారు, నాయనమ్మ పుట్టినిల్లు ఏది, కరువులో ఎట్లా బ్రతికారు, మొదటి ప్రార్థన మందిరము తాటాకుతో ఎవరు కప్పారు, ఇవన్నీ పెద్దలు బ్రతికియుండగానే అడిగి ఒక నోటు పుస్తకములో వ్రాయాలి. నేడు సెల్‌ఫోనులో వారి గొంతునే పట్టుకొనవచ్చును. చిరిగిన చాపను పారవేయడానికి బాధపడే మనము, అది అల్లిన చేతుల కథను ఉచితముగా పోగొట్టుకొంటున్నాము.

వెంటనే విడువవలసినవి

కొన్ని ఉన్నవి. వాటి విషయములో ఆలోచన అక్కరలేదు, ఆలస్యము పనికిరాదు.

ఒకటి, పురుగుమందు డబ్బాలు. మంచి గట్టి డబ్బా, మంచి మూత, పారవేయడానికి మనస్సు రాదు. కడిగి కిరోసినో, విత్తనాలో, నూనెయో పోస్తాము. 2013 జూలై 16న బీహారులోని సారన్ జిల్లాలో ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసియున్నదని పరీక్షలో తేలినది. ఆ మందు మన ప్రత్తి రైతులకు, మిరప రైతులకు కొత్త పేరు కాదు. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను స్ప్రేయరులోనే పోసి పొలానికి కొట్టాలి. తరువాత ఎవరూ వాడుకొనకుండా డబ్బాకు చిల్లులు పొడిచి పగులగొట్టాలి. ఇంటికి దూరముగా పూడ్చివేయాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాలు చెప్పుచున్నవి. బావికి, చెరువుకు కూడా దూరముగానే పూడ్చండి. కాల్చవద్దు, ఆ పొగ విషము. మిగిలిన మందును ఇంటి చూరులో దాచవద్దు. కోపము వచ్చిన గడియలో చేతికందే దూరములో ఆ సీసా ఉండుటవలన ఎన్ని ఇండ్లలో దీపాలు ఆరిపోయినవో మన గ్రామాలలో అందరికీ తెలుసు. తాళము వేసిన చోట, పొలము దగ్గర ఉంచండి, అవసరమైనంత వరకే కొనండి.

రెండవది, మిగిలిపోయిన మాత్రలు. నాన్నగారి బి.పి. మాత్రలు మిగిలినవని తల తిరుగుతున్నదన్న పక్కింటామెకు ఇవ్వడము ప్రేమగానే కనిపిస్తుంది. ఆమె రోగము వేరు, శరీరము వేరు. గడువు తేదీ దాటినవాటిని, ఎందుకో తెలియనివాటిని అట్టలనుండి తీసి, మట్టిలోనో బూడిదలోనో కలిపి, కవరులో కట్టి చెత్తలో వేయాలి. అట్టలతో వేస్తే పిల్లలు బిళ్ళలనుకొని ఏరుకొంటారు.

నోటు కాగితము

ట్రంకు పెట్టె అడుగున ఇంకొక కాగితము ఉంటుంది. తమ్ముడు అన్నకు వ్రాసిన ప్రామిసరీ నోటు. రెవెన్యూ స్టాంపు రంగు వెలిసిపోయి ఉంటుంది. పదేళ్ళు దాటినది. అన్నదమ్ములు మాట్లాడుకొనడము లేదు. ఒకే మందిరములో ఒకరు ఈ ప్రక్క, ఒకరు ఆ ప్రక్క కూర్చుంటారు. పండుగకు వదినగారు పంపిన అరిసెలు తిరిగి వస్తాయి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకొన్నారని ఊరు అనుకొంటుంది.

1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అటువంటి నోటుమీద వ్రాసిన నాటినుండి మూడు సంవత్సరములలోగా దావా వేయాలి. ఆ గడువులోగా కొంత చెల్లించి ఆ చెల్లును తన చేతితో వ్రాసినా లేక సంతకము చేసినా, బాకీ ఉన్నట్లు ఒప్పుకొంటూ వ్రాసి సంతకము పెట్టినా గడువు మరల మొదలవుతుంది. అట్లు జరగకపోతే కోర్టులో ఆ నోటుమీద డబ్బు రాబట్టుకొనుటకు దారి ఉండదు. అనగా పదేళ్ళనాటి ఆ కాగితము డబ్బు తెచ్చే శక్తిని ఎప్పుడో పోగొట్టుకొన్నది. ఇప్పుడు దానికి మిగిలిన పని ఒక్కటే, తీసి చూచుకొన్నప్పుడెల్లా కడుపు మండించడము.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. అప్పిచ్చినవారికి చెప్పేది, గడువు ఉండగానే అడగండి. రాదని తెలిసి, ఎదుటివాని చేతిలో నిజముగా లేదని తెలిస్తే, నోటును అతని చేతికే ఇచ్చి విడిచిపెట్టండి. పెట్టెలో ఉంచుకొని క్షమించామనడము క్షమించినట్లు కాదు. అప్పు తీసుకొన్నవారికి చెప్పేది, మూడేళ్ళు దాటినది గనుక బాకీ పోయినదనుకొనవద్దు. కోర్టు తలుపు మూసుకొన్నది గాని మనస్సాక్షి తలుపు మూసుకొనలేదు. ఉన్నప్పుడు కొద్దికొద్దిగానైనా తీర్చండి. తీర్చినప్పుడు చెల్లు వ్రాయించుకొని నోటు వెనుకకు తీసుకొనండి. విడిచిపెట్టే హక్కు ఇచ్చినవానిది, తీసుకొన్నవానిది కాదు.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు కురిసిన మన్నా సంగతి మీకు తెలుసు. రేపటికి ఉండదేమో అనే భయముతో కొందరు దాచుకొన్నది తెల్లవారేసరికి పురుగుపట్టి కంపుకొట్టినది. అదే మన్నాలో ఒక ఓమెరెడు పాత్రలో ఉంచి తరతరముల కొరకు భద్రము చేసినప్పుడు అది నిలిచినది. వస్తువు ఒక్కటే, దాచిన ఉద్దేశములే రెండు. రాబోయే తరమునకు సాక్ష్యముగా ఉంచుకొన్నది ఆశీర్వాదమైనది. భయముతో బిగపట్టుకొన్నది కుళ్ళిపోయినది. మన పెట్టెలోని ప్రతి వస్తువును ఈ కొలతతో కొలిచి చూడవచ్చును.

"పోనీలే" అని చెప్పకూడని చోటు

విడిచిపెట్టుట గూర్చి ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక తప్పనిసరి. తాగివచ్చి భార్యను కొట్టే ఇంటిలో ఆమెతో "పోనీలే అమ్మా, మనస్సులో పెట్టుకోకు, సర్దుకుపో" అని చెప్పే పెద్దలు ఉన్నారు. వారు సమాధానము కోరే అట్లు అంటారు. అయితే దెబ్బ ఆగకుండా క్షమాపణ అడిగితే అది మరొక దెబ్బకు అనుమతి అవుతుంది. ఇటువంటి చోట విడువవలసినవాడు కొట్టేవాడు, విడువవలసినది అతని సారా. ఆమె దాచుకొనవలసినవి ఆసుపత్రిలో ఇచ్చిన గాయపు పత్రము, మందుల చీటీలు, ఏ తేదీన ఏమి జరిగినదో వ్రాసుకొన్న పుస్తకము. గృహహింసనుండి స్త్రీలకు రక్షణనిచ్చే 2005 నాటి చట్టము ఆమెకు అదే ఇంటిలో నివసించే హక్కును, రక్షణ ఉత్తర్వును, భరణమును కోరే దారిని ఇచ్చినది. 181 నంబరుకు ఫోను చేస్తే స్త్రీలకు సహాయము దొరుకుతుంది. ఈ నంబరును సంఘములోని స్త్రీల సమాజమువారు అందరికీ తెలియజేస్తే మంచిది. అటువంటి ఇల్లాలు తలుపు తట్టినప్పుడు తలుపు తీయండి. సలహా తరువాత చెప్పవచ్చును.

పగను విడుచుట వేరు, న్యాయమును విడుచుట వేరు. మొదటిది మన గుండెను తేలిక చేస్తుంది. రెండవది బలహీనుల నెత్తిన బరువు పెడుతుంది.

విత్తనము

మన తల్లులకు దాచుట, విడుచుట రెండూ బాగుగా తెలుసుననడానికి విత్తనపు గంపను చూడండి. కోతలప్పుడే మంచి కంకులను ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, గంపకు మట్టి, పేడ మెత్తి మూత బిగిస్తారు. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా ఆ గంప జోలికి పోరు. వానపడిన రోజున అదే తల్లి ఆ గంపను పగులగొట్టి గింజలన్నీ నేలపాలు చేస్తుంది. అప్పుడు ఆమె ఏడ్వదు. దాచినది ఇందుకొరకే గదా. ఇంకొక ఏడు భద్రముగా ఉంచుదామనుకొంటే మొలక శక్తి తగ్గిపోతుంది.

ఏ గింజ దాచదగినదో కూడా వారికి తెలుసు. వరి, కంది, జొన్న, వేరుశనగలలో రకపు విత్తనము దాచుకొని మరల వేసుకొనవచ్చును. 2001 నాటి చట్టము రైతుకు తన పంటనుండి విత్తనము దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును ఇచ్చినది. హైబ్రిడ్ మొక్కజొన్న, హైబ్రిడ్ ప్రత్తి గింజలను ఎంత జాగ్రత్తగా దాచినా మరుసటి ఏడు పంట ఒకే తీరుగా రాదు. వాటిని దాచడము వృథా ప్రయాస.

మన పిల్లలు కూడా విత్తనాలవంటివారే. పదిహేను ఇరవై ఏండ్లు రెక్కల క్రింద కాచుకొంటాము. చదువుకని హైదరాబాదుకో, పనికని గల్ఫుకో, పెండ్లయి అత్తవారింటికో వెళ్ళే దినము వస్తుంది. బస్సు దగ్గర తల్లి చెయ్యి వదలలేదు. "నీవు వెళితే నేను బ్రతకను" అన్న మాటతో కట్టివేస్తే పిల్లవాడు నిలిచిపోవచ్చును గాని ఎదగడు. అట్లని పంపివేసి చేతులు దులుపుకొనడము కూడా కాదు. గల్ఫుకు వెళ్ళే కుమారుని పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగపు ఒప్పందము నకళ్ళు ఇంటిలో ఉంచుకొనండి. కుమార్తె చదువు సర్టిఫికెట్లను ఆమె చేతికే ఇచ్చి పంపండి, పుట్టింటి పెట్టెలో బిగించవద్దు. ఆమె కాళ్ళమీద ఆమె నిలువవలసివస్తే అవే ఆమెకు ఆధారము. ఫోను చేసినప్పుడు మాట్లాడండి. తిరిగి వస్తానంటే ఎందుకు వస్తున్నావని అడుగకముందే రమ్మనండి.

ఈ నెలలో చేయదగిన పని

ప్రియులారా, చదివి మరచిపోకుండా ఒక పని పెట్టుకొందాము. ఈ నెలలో ఒక ఆదివారము సాయంకాలము కుటుంబ ప్రార్థన అయిన తరువాత అందరూ కలిసి పెట్టె తెరవండి. భార్య, పెద్ద పిల్లలు, ఇంటిలో ముసలివారు, అందరూ ఉండాలి. పైన చెప్పిన కాగితాలను ఏరి తడవని ఒక సంచిలో పెట్టండి. ప్రతిదానిని సెల్‌ఫోనులో ఫోటో తీసి, ఊరిలో లేని పిల్లవానికి కూడా ఒక నకలు పంపండి. ఒక నోటు పుస్తకములో మూడు పుటలు వ్రాయండి: మనకు ఉన్నవి, మనకు రావలసినవి, మనము ఇవ్వవలసినవి. ఇవ్వవలసినవి దాచిపెట్టవద్దు. యజమాని హఠాత్తుగా లేకపోతే, నోటి లెక్క చెప్పి వచ్చేవారి ముందు ఆ విధవరాలికి ఆ పుస్తకమే ఆధారము.

ముసలివారిని ఒక్కొక్క వస్తువు చూపించి అడగండి, ఇది ఎక్కడిదని. వారు చెప్పేది వినండి. ఆ పిదప ఆ వస్తువు ఉంచాలో వద్దో వారే చెబుతారు. చాలాసార్లు కథ చెప్పుకొన్న తరువాత "ఇక తీసెయ్యండిరా" అని వారే అంటారు. వారికి కావలసినది ఆ వస్తువు కాదు, వినే చెవి.

ఆ సంచి ఎక్కడ పెట్టారో, పుస్తకము ఎక్కడ ఉన్నదో ఇంటిలో కనీసము ఇద్దరికి తెలియనివ్వండి. వారిలో ఒకరు తప్పక ఇంటి ఇల్లాలై ఉండాలి.

వచ్చే నెల మరల కలిసికొందాము.